నేను గాలం పట్టించిన గురువారం

చలికాలం పోయే ముందు, ఎండలు ఇంకా ముదరకముందు, సుబైతీ చేప ఒడ్డు దగ్గరకు వస్తుంది. ఆ పేరు అరబ్బులది. వెండి రంగు, మొండి మూతి, పీత డొప్పను నూరేసే పళ్ళు. నీళ్ళు వేడెక్కడం మొదలైతే లోతుకు పోతుంది, మళ్ళీ చలి పడేదాకా కనిపించదు. ఆ చివరి రెండు మూడు వారాల కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణి. ఇప్పుడు చూడను. ఎందుకు చూడనో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను సౌదీలోని కోబర్‌లో నీళ్ళ పైపుల పని చేస్తాను. మాది జగిత్యాల దిక్కు. వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆరుగురం ఒక గదిలో ఉంటాం. అందులో ఏసీ మెకానిక్ ఒకడున్నాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, మా పక్క మండలం వాడు. ఇద్దరిదీ ఒకటే కులం, చెరువులో చేపలు పట్టి బతికిన ఇళ్ళు. నన్ను కాకా అంటాడు, నేను బిడ్డా అంటాను. గదిలో అందరం కలిసి కొన్న పాత కారుంది, దాన్ని నడిపేది అతనే. సెలవు దొరికితే ఇద్దరం ధహ్రాన్ దాటి, సముద్రం నేల లోపలికి వంగి ఉండే చోటుకు వెళ్ళేవాళ్ళం.

నాకు అక్షరాలు నేర్పింది కూడా అతనే. అప్పటికి నాకు యాభై ఐదు దాటాయి. చేప తగిలేదాకా ఊరికే కూర్చోవడమెందుకని, గాలపు కర్ర మొదలుతో తడి ఇసుకలో ఒక మాట రాసేవాడు. అల వచ్చి చెరిపేలోపు నేను చదవాలి. "జల్ది చదువు కాకా, పెద్దసారు వస్తుండు" అని అలను చూపించేవాడు. మొదటి చలికాలం పెద్దసారే గెలిచాడు. మరుసటి చలికాలానికి నేను గెలవడం మొదలుపెట్టాను.

ఎర గురించి మాత్రం మాకిద్దరికీ అక్కడి సముద్రమే నేర్పింది. మొదటిసారి విసురు వల వేసి వేలెడంత చేపల్ని ఒక ముప్పై పట్టాం. వాటిని బతికించి ఉంచాలి, బతికి కొట్టుకునే ఎరనే చివరి రోజుల్లో సుబైతీ ముడుతుంది. అప్పటికే బాగా తిని ఉంటుంది కదా, చచ్చినదాన్ని వాసన చూసి వదిలేస్తుంది. మేం చెరువు మనుషులం. గది నుంచి తెచ్చుకున్న తాగే నీళ్ళ క్యాన్లు రెండు బకెట్‌లో పోశాం. ఉప్పు నీళ్ళకంటే మంచినీళ్ళయితే హాయిగా ఉంటాయనుకున్నాం. బీడీ కాల్చుకునేలోపు అన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. పక్కన గాలం వేస్తున్న పాకిస్తానీ ఒకాయన బకెట్‌లోకి తొంగి చూసి, "క్యా భాయ్, జమ్‌జమ్ పిలాయా క్యా?" అని, మక్కా పుణ్యజలం తాగించారా అన్నట్టు, పొట్ట పట్టుకుని నవ్వాడు. మావాడు బకెట్ ముందు గొంతుక్కూర్చుని, "మంచి చేద్దమని చంపినం కాకా" అన్నాడు.

తర్వాత బ్యాటరీతో గాలి కొట్టే చిన్న మోటారు కొన్నాం. సముద్రపు నీళ్ళే పోసి, గంటకోసారి మార్చడం నేర్చుకున్నాం. గాలం గుచ్చడం కూడా అతని చేతికే బాగా వచ్చింది. వీపు మీది ముల్లు వెనక, చర్మం కిందుగా గుచ్చాలి. వెన్నుకు తగిలితే ఎర చస్తుంది. తగలకపోతే గంటసేపు ఆ గాలంతోనే ఏమీ కానట్టు ఈదుతుంది.

అతన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు. అక్కకు పెళ్ళయింది, మొగుడు తొందరగానే పోయాడు, పిల్లలు లేరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి తమ్ముణ్ణి పదో తరగతి దాకా చదివించింది. గదిలో అతను స్పీకర్ పెట్టి మాట్లాడతాడు కాబట్టి ఆమె గొంతు మా అందరికీ తెలుసు.

"నాకు కొరివి వెట్టేది నువ్వేరా. పాలోళ్ళు గీలోళ్ళు వెడితె నేనొప్ప, లేసి కూసుంట."

"గిప్పుడే ఏం తొందరొచ్చిందే నీకు. నా సెలవు రానీయ్."

"నీ సెలవు జూసుకొని సావాల్నా?"

ఇలా అనుకుని ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం.

ఇక మా గదుల ఆచారం ఒకటి చెప్పాలి. ఇంటి దగ్గర చావు జరిగితే ఆ కబురు ఆ మనిషికి నేరుగా చెప్పరు. గదిలో పెద్దవాడెవరో అతనికి ఫోన్ వస్తుంది. కాగితం తయారై, టికెట్ చేతికొచ్చాక, "మీ ఇంట్ల బాగలేదట, ఒకసారి పోయిరా" అని పంపుతారు. అసలు సంగతి ఊరి దగ్గర కారు దిగాక తెలుస్తుంది. టికెట్ దొరకదనుకుంటే రోజుల తరబడి చెప్పరు. మా అన్న పోయిన సంగతి నాకు తొమ్మిదో రోజు చెప్పారు. ఒకప్పుడు దీనికి కారణముండేది. చావు కబురు విని పనికెళ్ళినవాడొకడు పరంజా మీది నుంచి పడ్డాడు, నేను చూశాను. అందుకని ఆ ఆచారం మంచిదేననుకున్నాను. ఆ తొమ్మిది రోజులు నాకు దాచినందుకు మేస్త్రీకి దండం కూడా పెట్టాను.

మేస్త్రీ అంటే మా గదికి పెద్ద. తాపీ పని చేయిస్తాడు. నాకంటే పదేళ్ళు చిన్న. మంచివాడే.

మొన్నటికి ముందు చలికాలం చివర, ఒక గురువారం. ముందు శుక్రవారం పనికి పోయినందుకు బదులుగా మా ఇద్దరికీ ఆ రోజు సెలవిచ్చారు. తెల్లవారుతుండగా నేను టీ పెట్టుకుంటుంటే మేస్త్రీ వంటగదిలోకి వచ్చి తలుపు వేశాడు.

"అన్నా, ఏసీ పిలగాని అక్క పోయింది. తెల్లారగట్ల. గుండె నొప్పట."

నేను గ్యాస్ కట్టేశాను. "లేపుదమా?"

"లేపి ఏం జేస్తం. కాగితం లేదు, టికెట్ లేదు. ఏడ్సుకుంట కూసుంటడు. సాయంత్రం దమ్మాం కెళ్ళి ఫ్లైట్ ఉన్నది. నేను మందూబ్‌ను వట్టుకొని ఎగ్జిట్ రీ-ఎంట్రీ కొట్టిస్త. రేపు పగటిదాంక ఐస్ పెట్టెల వెడ్తమన్నరు ఊర్ల. పనంత అయినంక మీ అక్కకు బాగలేదని చెప్పి ఎక్కిద్దం. అప్పటిదాంక నువ్వు సముద్రం కాడికి తీస్కపో."

ఎగ్జిట్ రీ-ఎంట్రీ అంటే ఊరికి పోయి తిరిగి రావడానికి కావాల్సిన అనుమతి కాగితం. మందూబ్ అంటే మా కంపెనీకి కాగితాల పనులు చూసే మనిషి. గురువారం మధ్యాహ్నం రెండున్నరకు వెళ్ళిపోతాడు, మళ్ళీ ఆదివారమే వస్తాడు.

"మరి ఫోను?" అన్నాను.

"ఎట్లన్న నీ సంచులనే వెడ్తడు గదా."

అది నిజం. అంతకుముందొకసారి నడుము లోతు నీళ్ళలో ఉండగా అతని ఫోన్ జారి ఉప్పు నీళ్ళ పాలైంది. అప్పటి నుంచి ఒడ్డుకు చేరగానే ఫోన్ నాకిచ్చేవాడు, నేను మెడకు వేసుకున్న ప్లాస్టిక్ సంచిలో పెట్టేవాణ్ణి. ఆ పొద్దున కూడా అలాగే ఇచ్చాడు. అతను వల దులుపుతుండగా నేను అటు తిరిగి బటన్ నొక్కి పట్టుకుని ఫోన్ ఆపేశాను. ఎంత తేలికగా ఆగిపోయిందో.

మా కులంలో ఇంట్లో చావయితే పదకొండో రోజు దాకా వల ముట్టరు, గాలం ముట్టరు. ప్రాణం తీసే పని చెయ్యరు. తెలియక చేస్తే తప్పు లేదంటారు. తెలిసి చేయించినవాడి సంగతి నాకెవరూ చెప్పలేదు. వంటగదిలో మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుకే రాలేదు. అతను మొదటి ఎరను బకెట్‌లోంచి తీసి, వీపు దగ్గర చర్మం పట్టుకుని గాలం గుచ్చినప్పుడు గుర్తొచ్చింది.

"తియ్యి, ఇయ్యాల నేను గుచ్చుత" అన్నాను.

"నీ కండ్లు నీ చేతులు రెండు ఒక్కదిక్కు సూడయి కాకా. అది సస్తది." నవ్వి, గాలం విసిరాడు.

ఆ పొద్దు అతను మంచి ఊపు మీదున్నాడు. నీళ్ళు పల్చగా, గాలి తక్కువగా ఉన్నాయి. రెండు చిన్నవి తగిలితే వదిలేశాడు. అక్కకు ఉప్పు చేపంటే ఇష్టమని, ఈసారి సెలవుకు పోయేటప్పుడు సుబైతీని ఎండబెట్టి తీసుకుపోతానని, విమానంలో వాసన వస్తే నా పేరు చెప్తానని ఏదేదో మాట్లాడాడు. నేను ఊ కొట్టాను. ప్రతి ఎరకూ ఒకటి, రెండు, మూడు అని నా లోపల లెక్క నడుస్తూనే ఉంది. పదకొండు ఎరలు గుచ్చాడు మధ్యాహ్నంలోపు.

పన్నెండున్నరకు, జేబులోని నా పాత బటన్ల ఫోన్ మోగింది. కారు వెనక్కు పోయి ఎత్తాను. మేస్త్రీ.

"అన్నా, అంత అయింది. ఒక్కటే ఆగింది. వాని ఫోన్ల ఓటీపీ నంబరొస్తదట. మనిషి ఒప్పుకున్నట్టు ఆ నంబరు చెప్పాలె. ఫోన్ బందున్నది గదా, చాలు జెయ్యి."

"చాలు జేస్తే తాళముంటది. వాని ఏలు గావాలె."

"ఏదో ఒకటి జెప్పి ఏలు వెట్టియ్యి."

"చాలు గాంగనే ఊరి ఫోన్లన్ని వస్తయి."

"మరి నువ్వే సూడు. మందూబ్ రెండున్నరకు పోతడు" అని పెట్టేశాడు.

మేం దాచాలని ఆపిన ఫోన్‌లోకే అతను ఇల్లు చేరే దారి రావాలి. పొద్దున వంటగదిలో ఇది మా ఇద్దరికీ తట్టలేదు. వెనకటి రోజుల్లో కాగితం మీద కంపెనీ సంతకం చాలు, మనిషికి చెప్పాల్సిన పనే లేదు. మేం ఆ రోజుల్లోనే ఉండిపోయాం.

చెప్పేద్దామనే కారు వెనక నుంచి వచ్చాను. ఇది నమ్మినా నమ్మకపోయినా నిజం. కానీ అప్పటికి అతను మోకాలి లోతు నీళ్ళలో వెనక్కు వాలి నిలబడి ఉన్నాడు. కర్ర సగానికి వంగింది, తంగూసు దారం నీళ్ళను కోసుకుంటూ పక్కకు పరుగెత్తుతోంది. పెద్దది తగిలింది. ఇప్పుడెలా చెప్తాను అనుకున్నాను. ఒడ్డుకు రానీ అనుకున్నాను. అది రావడానికి చాలా సేపు పట్టింది. నేనే చిన్న వల పట్టుకుని కిందికి తోసి ఎత్తాను. అంత పెద్ద సుబైతీని మేం ఎప్పుడూ పట్టలేదు. ఇసుక మీద పడి తోకతో కొడుతుంటే అతను మోకాళ్ళ మీద కూర్చుని దాని మూతి నిమిరాడు.

"కాకా, ఫోనియ్యి. అక్కకు వీడియో తీసి పంపుత. నమ్మది లేకుంటే."

చెయ్యి చాపాడు. చేతికి పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఫోన్ నా మెడలోనే ఉంది. తీసి ఇస్తే సరిపోయేది. అతనే చాలు చేసుకునేవాడు, అతనికే తెలిసేది, నంబరు కూడా వచ్చేది. ఇంకా గంటన్నర టైముంది.

"బ్యాటరీ అయిపోయింది బిడ్డా" అన్నాను.

"పొద్దుగాలనే నిండ వెట్టిన గదా."

"ఏమో. బందయింది."

అతను నా సంచి వంక చూశాడు, భుజాలు ఎగరేసి, "సరె, ఇంటికి వోయినంక తీద్దం" అన్నాడు. చేపను నీడకు లాగి తడి గుడ్డ కప్పాడు. మళ్ళీ బకెట్ దగ్గరకు వెళ్ళాడు.

ఇలా దాచడాన్ని దయ అని అంటారు మా గదుల్లో. నేను చేసింది దయ కాదు. భయం. అతని ముఖం మారేటప్పుడు ఎదురుగా నేనుండాల్సి వస్తుందన్న భయం. ఆ పని ఊరి దగ్గర కారు తలుపు తీసేవాడెవడో చేస్తాడు, నేను కాదు అనుకోవడం మాకు అలవాటు. నా ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు. జేబులో అది వణుకుతుంటే ఇసుకలో కూర్చుని సముద్రం వంక చూశాను. అతను ఇంకో నాలుగు ఎరలు గుచ్చాడు. అంటే పదిహేను.

రెండు దాటాక నీళ్ళు వెనక్కు పోయాయి. అతను సామాను సర్దడం మొదలుపెట్టి, "ఏందే కాకా, పొద్దటిసంది మూగనోము వట్టినవ్" అన్నాడు. అప్పుడు చెప్పాను. అతని ముఖం చూడకుండా, బకెట్ వంక చూస్తూ చెప్పాను.

"మీ అక్క పోయింది బిడ్డా."

అతను కర్రను కింద పెట్టలేదు. "ఎప్పుడు?"

"తెల్లారగట్ల."

"నీకెప్పుడెరుక?"

"మనం ఎల్లకముందే."

సంచి తీసి ఫోన్ ఇచ్చాను. చాలు చేశాడు. వరసగా మోగడం మొదలైంది. మేస్త్రీ అడిగిన నంబరు మూడుసార్లు వచ్చి ఉంది, మూడింటికీ గడువు దాటిపోయింది. నా ఫోన్ నుంచి మేస్త్రీకి చేశాను. మందూబ్ కారెక్కాడని, బతిమాలినా దిగలేదని చెప్పాడు. టైము రెండున్నర దాటి పది నిమిషాలు.

అరుస్తాడనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. అతను బకెట్ ఎత్తుకుని నీళ్ళలోకి నడిచి, మిగిలిన ఎరలన్నీ వదిలేశాడు. బకెట్ ఒడ్డు మీదికి విసిరి, వేసుకున్న బట్టలతోనే ముందుకు పోయి మూడు మునకలు వేశాడు. చావు కబురు విన్నవాడు చేసే స్నానం. ఆ కాలంలో అక్కడి నీళ్ళు ఎముకలకు పడతాయి. బయటికి వచ్చాక పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఏడవలేదు. గుడ్డ కప్పిన చేప దగ్గర ఆగాడు.

"కొరివి వెట్టకపోతి, అది నా నసీబు అనుకుంట. కాకా, నన్ను గాలమెందుకు వట్టనిచ్చినవ్?"

నేను వంగి బకెట్ ఎత్తి కారులో పెట్టాను.

తడి బట్టలతోనే కారు నడిపాడు. దారి పొడుగునా ఫోన్‌లో ఊరివాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాడు. "ఆపకుండ్రి. ఆదివారందాంక ఎట్ల ఆపుతరు. కానియ్యిండ్రి" అన్నాడు ఒకచోట. చేపను మేం అక్కడే వదిలి వచ్చాం. తర్వాతి రోజు అక్క మరిది కొడుకు కొరివి పెట్టాడు. ఆమె ఒప్పనన్న పాలివాళ్ళే. ఎవరో వీడియో తీసి పంపారు. మావాడు మంచం మీద కూర్చుని, గొంతు తగ్గించకుండా, మొత్తం చూశాడు. స్పీకర్‌లో డప్పు మోగుతుంటే మేం ఐదుగురం ఎటు చూడాలో తెలియక గోడల వంక చూశాం.

ఆదివారం కాగితం వచ్చింది, సోమవారం వెళ్ళాడు, నలభై రోజులకు తిరిగొచ్చాడు. గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నాయి. అందరికీ తెచ్చినట్టే నాకూ సకినాలు తెచ్చాడు. కాకా అనే పిలుస్తాడు. కూర బాగుంటే బాగుందంటాడు. మరుసటి చలికాలం చివర, గాలపు కర్రలు మంచం కిందినుంచి తీసి తుడుస్తూ, "పోదమా" అని ఒకసారి అడిగాను. "నువ్వు వో కాకా" అన్నాడు. కోపంగా అనలేదు. నేను పోలేదు. కర్రలు మళ్ళీ మంచం కిందికే పోయాయి.

మేస్త్రీతో మాత్రం గొడవ పడ్డాను. "మనం మంచికే జేసినం" అన్నాడు.

"మంచికి గాదు. మనకు శాతగాక జేసినం."

"నీ అన్న వోయినప్పుడు దాసింది గూడ నేనే. అప్పుడు దండం వెట్టినవ్ గదా?"

"వెట్టిన. అది గూడ తప్పే."

అతనికి బాధ కలిగింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అతని బాధలో కూడా న్యాయముంది. ఆ రోజు పొద్దంతా పరుగెత్తింది అతనే, ఇసుకలో కూర్చున్నది నేను.

ఈ మధ్య ఒక తెల్లకాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను. "నా ఇంటి నుంచి ఏ కబురు వచ్చినా, ఎంత చెడ్డదైనా, వచ్చిన గడియలోనే నాకు చెప్పాలి. నేను ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా సరే. నా ఫోన్ ఎవరూ ఆపొద్దు." గదిలో అందరం గ్లాసులు పెట్టుకునే ఇనుప బీరువా తలుపుకు అంటించాను. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మావాడు దాని ముందు నిలబడ్డాడు. చేతిలో టీ గ్లాసు. అంతా చదివాడు.

"కాకా, కింద పేరు రాయలే. గిది ఎవల మాటనో ఎట్ల ఎరుక?"

పెన్ను తీసుకుని నా పేరు రాశాను. నా చేతిలోంచి పెన్ను తీసుకుని కింద తన పేరు రాశాడు. గ్లాసు కడిగి బోర్లించి, స్నానానికి పోయాడు.

వారం తిరిగేలోపు మిగతా ముగ్గురూ రాశారు. మేస్త్రీ రాయలేదు. నేను అడగలేదు. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా బారెడు తంగూసు తెంపి, దాంతో బీరువా పిడికి కట్టాను. అది అక్కడే వేలాడుతోంది.